కారు ఇన్వర్టర్ కొనే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్ళి వీడియోలు తీయడం నా వృత్తి. ముహూర్తాల సీజన్‌లో కారే మాకు ఆఫీసు. ఒక ఊళ్ళో అప్పగింతలు అయ్యేసరికి ఇంకో ఊళ్ళో పెళ్ళికొడుకుని చేస్తుంటారు. దారిలోనే కెమెరా బ్యాటరీలు, డ్రోన్ బ్యాటరీలు ఛార్జ్ కావాలి, కార్డుల్లో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కాలి. మా బావ విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్. తెలిసినవాళ్ళు కారులో కరెంటు గురించి నన్ను అడిగే ప్రశ్నలకు, నా అనుభవమూ బావ దగ్గర నేర్చుకున్నదీ కలిపి జవాబులు రాస్తున్నాను. కాలిన వైర్లు, తెల్లవారుజామున స్టార్ట్ కాని బండ్లు చూసినవాణ్ణి కాబట్టి కొన్ని చోట్ల కాస్త గట్టిగానే చెబుతాను.

కారు ఇన్వర్టర్ చేసే పని ఏమిటి?

కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టుల డీసీ, అంటే ఒకే దిక్కుకి పారే కరెంటు. ఇంట్లో ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏసీ, అంటే అటూ ఇటూ దిక్కు మారుతూ పారేది, సెకనుకు 50 సైకిల్స్. మొదటిదాన్ని రెండోదానిగా మార్చే పెట్టే ఇన్వర్టర్. ఇంట్లో కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టర్ కూడా ఇదే పని చేస్తుంది గానీ, దానిలో ఛార్జర్ కూడా ఉంటుంది, వెనక పెద్ద ట్యూబులర్ బ్యాటరీ ఉంటుంది. కారు ఇన్వర్టర్‌కి సొంత బ్యాటరీ లేదు. అది తాగేదంతా మీ బండిని స్టార్ట్ చేసే బ్యాటరీ నుంచే. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

అసలు నాకు ఇన్వర్టర్ అవసరమా?

చాలామందికి అవసరం లేదు. ఇన్వర్టర్ కొంటానని వచ్చినవాళ్ళని నేను ముందు అడిగేది, "దేనికి?" అని. ఫోన్‌కి అంటే మంచి కార్ ఛార్జర్ చాలు. ల్యాప్‌టాప్‌కి అంటే, దానికి యూఎస్‌బీ-సి పోర్టు ద్వారా ఛార్జింగ్ ఎక్కుతుందా అని చూడమంటాను. ఎక్కేదైతే 65 వాట్లో 100 వాట్లో ఇచ్చే పీడీ (పవర్ డెలివరీ) కార్ ఛార్జర్ ఒకటి తీసుకుంటే పని అయిపోతుంది.

ఎందుకంటే ఇన్వర్టర్ దారి చుట్టు తిరుగుడు. 12 వోల్టుల్ని 230కి ఎక్కిస్తాం, ల్యాప్‌టాప్ అడాప్టర్ మళ్ళీ దాన్ని 19కో 20కో దించుతుంది. ఎక్కినప్పుడు కొంత, దిగినప్పుడు కొంత వేడిగా పోతుంది. మామూలు ఇన్వర్టర్లు తీసుకున్న కరెంటులో 85 నుంచి 90 శాతమే తిరిగి ఇస్తాయి. పైగా ఏమీ ప్లగ్ చేయకపోయినా, స్విచ్ ఆన్‌లో ఉంటే చాలు, లోపలి ఫ్యాన్, సర్క్యూట్ కలిసి అర ఆంపో ఒక ఆంపో తాగుతూనే ఉంటాయి.

కెమెరా బ్యాటరీలకీ యూఎస్‌బీతో పనిచేసే ఛార్జర్లు వచ్చేశాయి. చిన్న డ్రోన్లకి కార్ ఛార్జర్ విడిగా దొరుకుతుంది. నేరుగా 12 వోల్టుల్లో పనిచేసే వస్తువు దొరికితే అదే కొనండి. దొరకని వాటికే ఇన్వర్టర్.

సరే, అవసరమే. ఎన్ని వాట్లది కొనాలి?

మీ దగ్గరున్న అడాప్టర్లన్నీ మంచం మీద పరిచి, ఒక్కోదాని వెనక లేబుల్ చదవండి. కొన్నిటి మీద వాట్లు నేరుగా రాసి ఉంటాయి. లేకపోతే "అవుట్‌పుట్" అన్న చోట వోల్టులు, ఆంప్స్ ఉంటాయి, ఆ రెండూ గుణించండి. 19.5 వోల్టులు, 4.62 ఆంప్స్ అని ఉంటే సుమారు 90 వాట్లు. "ఇన్‌పుట్" లైనులో ఉండే ఆంప్స్‌ని 230తో గుణించి గాభరా పడకండి. 100 వోల్టులు ఉండే దేశాల్లో కూడా సరిపోయేలా ఎక్కువలో ఎక్కువ అంకె వేస్తారు అక్కడ.

నా లెక్క ఇదీ: ల్యాప్‌టాప్ 90, డ్రోన్ ఛార్జర్ 65, కెమెరా ఛార్జర్లు రెండూ కలిపి 30. మొత్తం 185 వాట్లు. దీనికి 200 వాట్ల ఇన్వర్టర్ కొంటే అది రోజంతా అంచు మీదే నడుస్తుంది, ఫ్యాన్ ఆగదు, వేడి తగ్గదు. అందుకే 300 వాట్లది తీసుకున్నాను. మీ మొత్తానికి నాలుగో వంతు నుంచి సగం దాకా ఎక్కువ ఉండేలా చూసుకుంటే చాలు. "ఎందుకైనా మంచిది" అని 1500 వాట్లది కొనడం మంచిది కాదు. పెద్దదానికి ఖాళీగా తాగేది కూడా ఎక్కువ, వైరింగ్ ఖర్చు ఎక్కువ, పెట్టడానికి చోటూ కావాలి.

మోటారు ఉన్న వస్తువుల లెక్క వేరు. స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే రెండు మూడు రెట్లు, ఫ్రిజ్ కంప్రెసర్ లాంటివైతే ఐదారు రెట్లు కరెంటు లాగుతాయి. వాటికి కంటిన్యువస్ వాట్లతో (ఆగకుండా ఇవ్వగలిగేవి) పాటు సర్జ్ వాట్లు (ఆ క్షణానికి మాత్రం ఇవ్వగలిగేవి, పీక్ అని కూడా అంటారు) కూడా చూడాలి.

డబ్బా మీద 1000 వాట్లు అని ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకోవచ్చా?

పెట్టకండి.

లైటర్ సాకెట్ వెనక ఉండే ఫ్యూజ్ బండిని బట్టి 10, 15, లేదా 20 ఆంప్స్. ఎంత అన్నది ఫ్యూజ్ బాక్స్ మూత వెనకో, బండితో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. 12 వోల్టుల దగ్గర 10 ఆంప్స్ అంటే 120 వాట్లు. ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే మీ చేతికి 100 వాట్లు. 15 ఆంప్స్ ఫ్యూజ్ ఉంటే 150. అంతకు మించి ఆ దారిలో రాదు. నోటిలెక్కకి ఇలా గుర్తుంచుకోండి: ఏసీ వైపు వాట్లని పదితో భాగిస్తే, సుమారుగా బ్యాటరీ నుంచి లాగే ఆంప్స్ వస్తాయి. 300 వాట్లకి 30 ఆంప్స్, 1000 వాట్లకి 100 ఆంప్స్.

బావ షెడ్డుకి ఒకసారి ఒకాయన హ్యాచ్‌బ్యాక్ తీసుకొచ్చాడు. "అన్నా, సాకెట్ పనిచేయట్లేదు" అన్నాడు. బావ గేర్ లివర్ ముందున్న ప్యానెల్ ఊడదీశాడు. సాకెట్ వెనక తెల్లటి ప్లాస్టిక్ కప్పు టీ డికాక్షన్ రంగులోకి మారి ఒక పక్కకి వాలిపోయింది. పాజిటివ్ వైర్ తొడుగు గట్టిపడి, వేలితో వంచితే పెంకులా రాలింది. ఫ్యూజ్ బాక్స్ తెరిస్తే 15 ఉండాల్సిన చోట 30 ఆంప్స్ ఫ్యూజ్ ఉంది. మొదటి ఫ్యూజ్ ఎగిరిపోయాక ఎవరో "పెద్దది వేస్తే పోదు" అని వేసి ఇచ్చారట. నిజమే, ఫ్యూజ్ పోలేదు. దాని బదులు వైర్ కాలింది. ఆ వైర్ పక్కనే స్టీరియో వైర్లు, ఇంకో బెత్తెడు దూరంలో డాష్‌బోర్డు స్పాంజి ఉన్నాయి. ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని తిరిగే బండి అది.

ఫ్యూజ్ పోయిందంటే అది మీకు హెచ్చరిక. అదే ఆంప్స్ ఫ్యూజ్ వేసి, లోడు తగ్గించండి. ఫ్యూజ్ పెంచడం, ఫ్యూజ్ చోట రాగి తీగ చుట్టడం ఎవరు చెప్పినా చేయవద్దు.

ఇంకో మాట. డబ్బా మీద 1000 వాట్లు అని రాసి, లోపల లైటర్ ప్లగ్గు ఒక్కటే ఇస్తే ఆ అంకెని నమ్మకండి. నిజంగా 1000 వాట్లు ఇచ్చే ఇన్వర్టర్‌కి వెనక బొటనవేలంత లావు కేబుళ్ళు బిగించే బోల్టులు ఉంటాయి.

ప్యూర్ సైన్ వేవ్, మోడిఫైడ్ సైన్ వేవ్. ఏది తీసుకోవాలి?

ఇంట్లో వచ్చే కరెంటు చెరువులో అలలా సాఫీగా లేచి దిగుతుంది. ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కూడా దాదాపు అలాగే ఇస్తుంది. మోడిఫైడ్ సైన్ వేవ్ మెట్లు దిగినట్టు ఇస్తుంది: ఒక్కసారిగా పైకి, కాసేపు అక్కడే, ఒక్కసారిగా సున్నాకి, మళ్ళీ కిందికి. తయారు చేయడం చవక కాబట్టి ధర తక్కువ.

ల్యాప్‌టాప్ అడాప్టర్లు, ఫోన్ ఛార్జర్లు చాలావరకు మోడిఫైడ్ మీద కూడా నడుస్తాయి. వచ్చిన ఏసీని అవి ముందుగా డీసీగా మార్చుకుంటాయి కాబట్టి మెట్లయినా అలలయినా పెద్దగా పట్టించుకోవు. కాస్త వేడెక్కుతాయి, కొన్ని సన్నగా కీచుమంటాయి. ఫ్యాన్లు, పాత తరహా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వస్తువులు అయితే గుయ్యిమంటాయి, వేడెక్కుతాయి. ఆడియో రికార్డర్‌కి దాని మీద కరెంటు ఇస్తే మంత్రాల వెనక సన్నటి గీ శబ్దం కూడా రికార్డ్ అవుతుంది. అది తర్వాత ఎడిటింగ్‌లో పూర్తిగా తీయలేం.

ఎక్కువమందికి తెలియని ప్రమాదం చవక వస్తువులతో వస్తుంది. దోమల బ్యాటు, ఛార్జింగ్ టార్చి, కొన్ని చవక ట్రిమ్మర్లు: వీటిని నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చుతాం కదా, వాటిలో చాలావాటికి లోపల అసలు అడాప్టర్ ఉండదు. కరెంటుని తగ్గించడానికి ఒక కెపాసిటర్ మాత్రం ఉంటుంది. సాఫీగా లేచే అలకి సరిపడేలా దాన్ని లెక్కేసి పెడతారు. మెట్టు మీద మెట్టుగా వోల్టేజి దూకినప్పుడు ఆ కెపాసిటర్ గుండా అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కరెంటు పోతుంది. మా అసిస్టెంట్ టార్చి అలాగే పోయింది. ఛార్జింగ్ పెట్టిన పావుగంటకి కారంతా కాలిన వాసన. అద్దాలు దించి, టార్చిని రోడ్డు పక్క మట్టిలోకి విసిరేశాం.

నా అభిప్రాయం అడిగితే, ఖరీదైన పరికరాలు ఉన్నవాళ్ళు ప్యూర్ సైన్ వేవే తీసుకోవాలి. వైద్య పరికరాలకైతే రెండో ఆలోచనే వద్దు. ఒక్క ల్యాప్‌టాప్ కోసం, అదీ ఎప్పుడో ఒకసారి అయితే మంచి కంపెనీ మోడిఫైడ్‌తో సరిపెట్టుకోవచ్చు.

ఇంజిన్ ఆపేసి ఎంతసేపు నడపవచ్చు?

మీరు అనుకునేదానికంటే చాలా తక్కువ. ఈ పాఠం నాకు దోర్నాలలో వచ్చింది.

శ్రీశైలంలో పెళ్ళి. మార్కాపురం మీదుగా దోర్నాల చేరేసరికి రాత్రి 9 దాటింది. ఆ వేళ దాటితే నల్లమల అడవి గేటు మూసేస్తారు, మళ్ళీ తెల్లవారి 6కే. సరే, బండిలోనే పడుకుందాం అనుకుని, ఈలోగా ముందు రోజు పెళ్ళి కార్డులు కాపీ చేద్దామని ల్యాప్‌టాప్ పెట్టాను, డ్రోన్ బ్యాటరీ పెట్టాను. ఇంజిన్ ఆఫ్. అర్ధరాత్రి దాటాక ఇన్వర్టర్ బీప్ బీప్ అంది. వెంటనే ఆపేసి, అలారం కొట్టగానే ఆపాం కదా అన్న ధైర్యంతో నిద్రపోయాను. ఆరుకి పది నిమిషాలు ఉందనగా తాళం తిప్పితే టిక్, టిక్, టిక్. సెల్ఫ్ తిరగలేదు. ముందూ వెనకా లారీలు స్టార్ట్ అవుతున్నాయి, ముహూర్తం ముంచుకొస్తోంది, నాకు చెమటలు.

వెనక లారీ డ్రైవర్ దిగి వచ్చాడు. "బ్యాటరీ పడుకుందా తమ్ముడూ?" అని, తన క్యాబిన్‌లోంచి జంపర్ కేబుళ్ళు తీశాడు. లారీది 24 వోల్టులు. ఆయన లారీ ఇంజిన్ ఆపి, రెండు బ్యాటరీల్లో బాడీకి ఎర్త్ ఉన్న ఒక్కదానికే కేబుళ్ళు తగిలించాడు. రెండూ కలిపి ఇచ్చి ఉంటే నా కారులో ఎన్ని కాలిపోయేవో. ఆయనకి తెలియబట్టి బతికిపోయాం.

ఇప్పుడు లెక్క చూద్దాం. చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి ఉండేది 35 ఏహెచ్ బ్యాటరీ (ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, ఆంప్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చేది). ఆ రాత్రి నా లోడు 130 వాట్లు, అంటే 13 ఆంప్స్. రెండు గంటలకి 26 ఏహెచ్ ఖాళీ. కారు బ్యాటరీని తయారుచేసేదే సెల్ఫ్ కొట్టడానికి. రెండు మూడు సెకన్ల పాటు వందల ఆంప్స్ ఇచ్చి, వెంటనే మళ్ళీ నిండాలి. నెమ్మదిగా లోతుగా ఖాళీ చేస్తే లోపలి ప్లేట్లు దెబ్బతింటాయి. అలా పదేపదే చేస్తే కొత్త బ్యాటరీ కూడా ఎక్కువ కాలం ఉండదు.

ఇంజిన్ ఆఫ్‌లో మొత్తం సామర్థ్యంలో మూడో వంతు దాటనివ్వకూడదు. 35 ఏహెచ్‌కి సుమారు 12. అంటే 60 వాట్ల ల్యాప్‌టాప్ ఒక్కటి రెండు గంటలు. అదీ బ్యాటరీ కొత్తదై ఉండి, నిండుగా ఉంటేనే. మూడేళ్ళు వాడిన బ్యాటరీ అయితే ఒక గంటకే ఆపేయండి.

తక్కువ వోల్టేజికి ఇన్వర్టరే ఆగిపోతుందిగా, ఇంకేం భయం?

ఆ ఏర్పాటు బండి స్టార్ట్ కావడం కోసం పెట్టింది కాదు. చాలా ఇన్వర్టర్లు 11 వోల్టుల దగ్గర అరుస్తాయి, 10.5 అటూఇటూగా ఆగిపోతాయి. నిండు బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 దాకా చూపిస్తుంది, సగం అయితే 12.2, పన్నెండుకి వచ్చిందంటే పావు వంతే మిగిలినట్టు. లోడు మీద అంకె ఇంకొంచెం కిందికి కనపడుతుంది, నిజమే. అయినా అది అరిచేసరికి సెల్ఫ్‌కి కావలసిన బలం పోయి ఉంటుంది. లైటర్ సాకెట్‌లో పెట్టుకునే చిన్న వోల్ట్‌మీటర్లు దొరుకుతాయి, ఒకటి కొనుక్కోండి. నేను 12.0 కనపడగానే అన్నీ పీకేస్తాను.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి నడిపితే ఇబ్బంది లేదుగా?

రోడ్డు మీద వెళ్తుంటే లేదు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు దాంతో పాటు తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ 13.8 నుంచి 14.4 వోల్టులు ఇస్తుంది, ఇన్వర్టర్ తాగేది అదే భరిస్తుంది. నిలబెట్టి ఐడిల్‌లో నడిపినప్పుడు మాత్రం ఆల్టర్నేటర్ తన పూర్తి బలంలో కొంతే ఇవ్వగలదు. ఏసీ ఫ్యాన్, హెడ్‌లైట్లు, వైపర్లు కూడా ఉంటే మిగిలేది కొంచెమే. అప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉన్నా బ్యాటరీ మెల్లగా తరుగుతుంది.

దీనికంటే ముఖ్యమైనది ఒకటుంది. షెడ్డులోనో, తలుపులు మూసిన గ్యారేజీలోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో ఇంజిన్ ఆన్‌లో పెట్టి పని చేసుకోవడం, కారులో నిద్రపోవడం చేయకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. మనిషి మత్తులోకి జారిపోతాడు, తనకే తెలియదు.

200 వాట్లు దాటితే బ్యాటరీకి నేరుగా కలపాలంటారు. ఎలా?

ఇది తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి. ఏం అడగాలో మాత్రం మీకు తెలిసి ఉండాలి.

మొదటిది, ఫ్యూజ్. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే ఉండాలి. ఇన్వర్టర్ లోపల ఫ్యూజ్ ఉందిగా అంటారు కొందరు. అది ఇన్వర్టర్‌ని కాపాడుతుంది. బానెట్ నుంచి సీటు దాకా వెళ్ళే కేబుల్ మధ్యలో ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగిలితే, ఆ మంటని ఆపగలిగేది బ్యాటరీ పక్కనున్న ఫ్యూజ్ ఒక్కటే.

రెండోది, కేబుల్ లావు. 12 వోల్టుల దగ్గర దీనికి ఉన్న ప్రాముఖ్యం ఇంటి వైరింగ్ అలవాటున్నవాళ్ళకి తట్టదు. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి 3 మీటర్లు అనుకుందాం, పోనూ రానూ 6 మీటర్లు. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో 1000 వాట్లు లాగితే, 100 ఆంప్స్ దగ్గర దారిలోనే ఒకటిముప్పావు వోల్టు పోతుంది. అంటే 175 వాట్లు వైరునే వేడి చేస్తున్నాయి! బ్యాటరీ దగ్గర 12.5 ఉంటే ఇన్వర్టర్‌కి 10.75 అందుతుంది, బ్యాటరీ నిండుగా ఉన్నా అలారం కొడుతుంది. ఇన్వర్టర్ పాడైందని చాలామంది తిరిగి ఇచ్చేసేది ఇందుకే. అదే దూరానికి 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేస్తే పోయేది 0.3 వోల్టే.

మేం నా కారుకి వేసింది: 300 వాట్ల ఇన్వర్టర్, 2 మీటర్ల దూరం, 10 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్, 40 ఆంప్స్ ఫ్యూజ్. 600 వాట్లకి 25 స్క్వేర్ ఎంఎం, 80 ఆంప్స్ వేయమంటాడు బావ. కేబుల్ చివర ఉండే లగ్గులు సుత్తితో కొట్టి నొక్కనివ్వకండి, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కించండి. ఇంజిన్ వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర, కేబుల్ ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక కేబుల్ కూడా దొరుకుతుంది, కోసి చూస్తే లోపల తెల్లగా కనపడుతుంది. అది వద్దు.

బ్యాటరీకి పట్టించే క్రోకడైల్ క్లిప్పులు ఎప్పుడో ఒకసారి, బండి ఆగి ఉన్నప్పుడు, చిన్న లోడుకే. వాటితో బండి నడపకూడదు.

కారులో రైస్ కుక్కర్, కెటిల్, మిక్సీ నడపాలని ఉంది.

కెటిల్ 1500 వాట్లు, బ్యాటరీ వైపు దాదాపు 150 ఆంప్స్. ఇండక్షన్ స్టవ్ అంతకు మించి. చిన్న రైస్ కుక్కరే 500 వాట్ల పైన. వేడి చేసే వస్తువులకి కారు కరెంటు సరిపోదు. మిక్సీ కొద్ది నిమిషాలే కాబట్టి 1500 వాట్ల ఇన్వర్టర్‌తో తిరుగుతుంది, కానీ చట్నీ కోసం అంత వైరింగ్ అనవసరం. ప్రయాణంలో వంట చేసేవాళ్ళకి చిన్న గ్యాస్ స్టవే మేలు, అదీ బండి బయట దిగి.

అమ్మకి నెబ్యులైజర్, నాన్నకి సీప్యాప్. దారిలో ఎలా?

కంప్రెసర్ నెబ్యులైజర్ 100 వాట్ల పైనే తీసుకుంటుంది, మోటారు స్టార్టింగ్ దెబ్బ అదనం. లైటర్ సాకెట్ మీద నమ్మకం పెట్టుకునే లోడు కాదు. దమ్ము వచ్చినప్పుడు ఫ్యూజ్ ఎగిరితే చేతులు కట్టేసినట్టవుతుంది. బ్యాటరీతోనో యూఎస్‌బీతోనో నడిచే మెష్ నెబ్యులైజర్లు దొరుకుతున్నాయి, అరచేతిలో పట్టేంత ఉంటాయి. మందు దాంట్లో వాడవచ్చా అని డాక్టర్‌ని ఒక్కసారి అడిగి, ప్రయాణాలకి అదే పెట్టుకోండి. డాక్టర్ ఒప్పుకుంటే ఇన్హేలర్, స్పేసర్ కూడా పక్కనే ఉంచండి.

సీప్యాప్‌కి (నిద్రలో ఊపిరి ఆడటానికి సాయపడే మిషన్) ఆ మిషన్ కంపెనీయే 12 వోల్టుల కార్ అడాప్టర్ అమ్ముతుంది, అది కొనండి. హ్యూమిడిఫయర్, వేడి ట్యూబు ఆపేస్తే కరెంటు ఖర్చు బాగా తగ్గుతుంది.

5 లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ 300 నుంచి 400 వాట్లు లాగుతుంది. ఇన్వర్టర్ని నమ్ముకుని దాన్ని కారులో పెట్టుకుని బయల్దేరవద్దు. సొంత బ్యాటరీ ఉన్న పోర్టబుల్ మిషనో, సిలిండరో ఉండాలి, ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

లారీకి, బస్సుకి ఇదే ఇన్వర్టర్ పనికొస్తుందా?

రాదు. అవి 24 వోల్టులు, 24 వోల్టుల ఇన్వర్టరే కావాలి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు తీసి నడుపుతుంటారు చాలామంది. ఆ ఒక్క బ్యాటరీ రోజూ తరుగుతుంది, రెండోది ఓవర్‌ఛార్జ్ అవుతుంది, చివరికి రెండూ పోతాయి. ట్రాక్టర్లు చాలావరకు 12 వోల్టులే.

అమెరికాలో ఉన్న అన్నయ్య ఇన్వర్టర్ తెస్తానంటున్నాడు.

వద్దనండి. అక్కడివి 110, 120 వోల్టులు, 60 సైకిల్స్ ఇస్తాయి. "100-240" అని రాసున్న అడాప్టర్లు దాని మీద నడుస్తాయి గానీ, 230 మాత్రమే రాసున్న మన వస్తువులు నడవవు. అక్కడుండేవాళ్ళు ఇక్కడి నుంచి పట్టుకెళ్ళిన 230 వోల్టుల వస్తువులకీ ఇదే ఇబ్బంది.

ప్రచారం బండికి మైక్‌సెట్ పెట్టాలి. ఎన్ని వాట్లు?

ముందు ఆంప్లిఫయర్ వెనక చూడండి. మైక్‌సెట్ ఆంప్లిఫయర్లలో చాలావాటికి 12 వోల్టుల డీసీ టెర్మినల్స్ అక్కడే ఉంటాయి. ఊళ్ళలో ఆటో మీద మైకు కట్టి తిరిగేవాళ్ళు వాడేది అదే. ఇన్వర్టర్ అక్కర్లేదు.

ఎండాకాలం కారులో వదిలేయవచ్చా?

మన దగ్గర మే నెలలో ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. అంత వేడిలో ఇన్వర్టర్ ఆన్ చేస్తే కాసేపటికే హీట్ కట్‌ఆఫ్ అవుతుంది, లోపలి కెపాసిటర్ల ఆయుష్షూ తగ్గుతుంది. వాడేటప్పుడు చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ ఉంచండి. సీటు కింద పెట్టి పైన దుప్పటి కప్పడం, బానెట్ లోపల బిగించడం రెండూ తప్పే.

షాక్ కొడుతుందా?

అవుట్‌పుట్ 230 వోల్టులు, ఇంటి ప్లగ్గంత ప్రమాదమే. తడి చేతులతో ముట్టుకోవద్దు, పిల్లలకి అందనివ్వద్దు, ఇన్వర్టర్ మీద ఎర్త్ స్క్రూ ఉంటే పుస్తకంలో చెప్పినట్టు కారు బాడీకి కలపండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ నుంచి వైరు తీసి ఇంట్లో గోడ సాకెట్‌కి గుచ్చి ఇల్లంతా వెలిగిద్దామన్న ఆలోచన అసలు చేయకండి. అది బయట లైను మీదికి కూడా వెళ్ళవచ్చు, స్తంభం మీద మనిషి ఉండవచ్చు.

ఎలక్ట్రిక్ కారు ఉంది. దానికి?

వీ2ఎల్ (బండి బ్యాటరీ నుంచి బయటి వస్తువులకి కరెంటు ఇచ్చే) సౌకర్యం ఉందేమో చూసుకోండి. హ్యుందాయ్ అయానిక్ 5 లాంటి కార్లు పెద్ద బ్యాటరీ నుంచే నేరుగా 3.6 కిలోవాట్ల దాకా ఇస్తాయి. 2023లో కొత్త రూపంలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీలో కూడా ఈ సౌకర్యం వచ్చింది. అది ఉంటే మిక్సీ, కుక్కర్ కూడా నడుస్తాయి. లేకపోతే లైటర్ సాకెట్ పరిమితే మీకూ వర్తిస్తుంది. ఈవీలో 12 వోల్టుల బ్యాటరీ చిన్నది, దానికి పెద్ద ఇన్వర్టర్ తగిలించకండి.

ఇంజిన్ ఆపి రాత్రంతా పని చేయాల్సినవాళ్ళ సంగతి?

స్టార్టింగ్ బ్యాటరీని వదిలేయండి. ఇప్పుడు నేను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్న పోర్టబుల్ పవర్ స్టేషన్ వాడుతున్నాను. లోపలే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటుంది. 500 వాట్-అవర్ అంటే, మార్పిడిలో పోయేది తీసేసి, 60 వాట్ల ల్యాప్‌టాప్ ఏడు గంటలు. ప్రయాణంలో లైటర్ సాకెట్ నుంచి మెల్లగా నిండుతుంది, కల్యాణ మండపంలో గోడ ప్లగ్గు దొరికితే త్వరగా. ఖరీదు ఎక్కువే, కానీ బండికి స్క్రూ కూడా తిప్పక్కర్లేదు, వారంటీ గొడవ రాదు. క్యారవాన్ లాగా ఎప్పుడూ బండిలోనే ఉండేవాళ్ళు రెండో బ్యాటరీ, ఆల్టర్నేటర్ కరెంటుతో దాన్ని నింపే డీసీ-డీసీ ఛార్జర్ పెట్టించుకోవచ్చు. ఇంటి ట్యూబులర్ బ్యాటరీని మాత్రం డిక్కీలో పెట్టకండి. యాభై కిలోల పైన బరువు, లోపల యాసిడ్, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది.

షాపులో ఏం అడగాలి?

"కంటిన్యువస్ ఎంత?" అని అడగండి. పీక్ చెబితే మళ్ళీ అదే అడగండి. ప్యూర్ సైన్ వేవ్ అని డబ్బా మీద రాసి ఉందా, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తాగుతుంది, ఎన్ని వోల్టులకి ఆగుతుంది, బయటి ఫ్యూజ్ ఎంత వేయాలి అన్నవి పుస్తకంలో ఉండాలి. మీ ల్యాప్‌టాప్ అడాప్టర్ వెంట తీసుకెళ్ళి అక్కడే గుచ్చి చూడండి, మన మూడు పిన్నుల ప్లగ్గు వదులుగా ఊగే సాకెట్లు చాలా ఉన్నాయి. ఫ్యాన్ మోత కూడా వినండి.

వాడిన ప్రతిసారీ తీసేయాలా?

తీసేయాలి. కొన్ని కార్లలో తాళం తీసేసినా లైటర్ సాకెట్‌లో కరెంటు ఉంటుంది, నేరుగా కలిపినవాటికి ఎప్పుడూ ఉంటుంది. అర ఆంపు చొప్పున తాగినా రెండు రోజులకి 24 ఏహెచ్. ముందు ల్యాప్‌టాప్ పీకండి, తర్వాత ఇన్వర్టర్ స్విచ్ ఆపండి, ఆ తర్వాతే ఇంజిన్. స్టార్ట్ చేసేటప్పుడు ముందు ఇంజిన్, అది స్థిరపడ్డాక ఇన్వర్టర్.